సంక్రాంతికి ఏ దీవి, వేసవికి ఏ దీవి, దసరాకు ఏ దీవి

విశాఖ ఆర్కే బీచ్‌లో మనలో చాలామంది చేసేది ఒకటే. చెప్పులు చేత పట్టుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అల వచ్చినప్పుడల్లా నాలుగడుగులు వెనక్కి వేసి, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికి రావడం. అక్కడ అదే సరైన పని. ఆ తీరంలో నేల ఉన్నట్టుండి లోతుకు జారుతుంది, వెనక్కి మళ్లే అల కాళ్ల కింది ఇసుకను లాగేస్తుంది. దీవికి వెళ్లేది ఆ భయం లేకుండా మెడలోతు నీళ్లలో నిలబడి, కిందకి చూస్తే కాలి గోళ్లు కనబడేంత తేట సముద్రంలో గంటల తరబడి ఉండటానికి. కానీ తప్పు నెలలో వెళ్తే అక్కడా ఎర్ర జెండాలు, బురదనీళ్లు, రద్దయిన పడవలే. అంత డబ్బు పోసి మళ్లీ కాళ్లు తడుపుకుని రావాల్సి వస్తుంది.

అందుకే మా సలహా ఇది: ముందు దీవిని ఎంచుకుని తర్వాత సెలవు పెట్టకండి. పిల్లల బడి సెలవులు ఎప్పుడో మీకు ముందే తెలుసు. ఆ నెలలో గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి. ఏ దీవి, ఆ దీవిలో ఏ ఒడ్డు అన్నది దాన్నిబట్టి తేలుతుంది.

గాలి లెక్క

మన చుట్టూ ఉన్న సముద్రాల్లో సుమారు మే చివరి నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా ఈశాన్య గాలి. గాలికి ఎదురుగా ఉన్న ఒడ్డున అలలు, వాన, కలక. గాలి చాటున ఉన్న ఒడ్డు చెరువులా ఉంటుంది. శ్రీలంకలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. జనవరిలో దక్షిణ, పడమటి తీరాలు (మిరిస్సా, ఉణవటున, బెంటోట) తేటగా ఉంటే తూర్పున ట్రింకోమలీ దగ్గర సముద్రం కలకబారి ఉంటుంది. జులైకి సరిగ్గా తారుమారు. థాయ్‌లాండ్‌లోనూ ఇంతే. అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్, క్రాబీలకు నవంబరు నుంచి ఏప్రిల్ మంచి కాలం. గల్ఫ్ వైపున్న కో సముయ్‌కి అక్టోబరు నుంచి డిసెంబరు వాన కాలం, ఆ తర్వాత ఆగస్టు దాకా బాగుంటుంది. రెండూ థాయ్‌లాండే అయినా ఒకదానికి పనికొచ్చిన నెల రెండోదానికి పనికిరాదు.

భూమధ్యరేఖ దాటి దక్షిణానికి వెళ్తే లెక్క మారుతుంది. బాలిలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, నవంబరు నుంచి మార్చి దాకా వానలు. మారిషస్‌లో జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల భయం, మే తర్వాత చల్లటి పొడి వాతావరణం.

ఇప్పుడు మన సెలవులను దీని పక్కన పెట్టి చూద్దాం.

సంక్రాంతి సెలవులకు మీ చేతిలో అన్నిటికన్నా ఎక్కువ దీవులున్నాయి. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు, శ్రీలంక దక్షిణ తీరం, ఫుకెట్, క్రాబీ, అన్నీ అప్పుడు మంచి స్థితిలో ఉంటాయి. ఆ నెలలో వద్దనుకోవాల్సింది బాలి. వానలకు ఊళ్లలోని చెత్తంతా వాగుల గుండా సముద్రంలోకి వెళ్లి, పడమటి గాలికి కుటా, సెమిన్యాక్, జింబరాన్ బీచ్‌ల మీదకు తిరిగి కొట్టుకొస్తుంది. పొద్దున్నే ట్రాక్టర్లతో ఎత్తిపోసినా సాయంత్రానికి మళ్లీ ప్లాస్టిక్ చేరుతుంది. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారం మాత్రం ఎక్కడైనా ధరలు మండిపోతాయి. అదే గది సంక్రాంతి వారానికి చాలాచోట్ల తక్కువకే దొరుకుతుంది.

వేసవి సెలవులకు బాలిని మించింది లేదు. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా మన బడులు మూసి ఉండే కాలం, అక్కడ పొడి కాలం మొదలయ్యే కాలం ఒకటే. రెండో మాట ట్రింకోమలీ, కానీ మే మధ్య తర్వాత. అండమాన్ వెళ్లాలంటే ఏప్రిల్ చివర, మే మొదటి పది రోజుల్లో ముగించుకోవాలి. రుతుపవనాలు మామూలుగా మే మూడో వారానికల్లా అండమాన్ సముద్రానికి చేరతాయి, పైగా మే నెల బంగాళాఖాతంలో తుపాన్ల నెల. "ఆఫ్ సీజన్ ఆఫర్" అంటూ జూన్‌కి అండమాన్ ప్యాకేజీ చవగ్గా ఇస్తున్నారంటే, హోటల్ గదిలోంచి వాన చూడటానికి ఇస్తున్నారని అర్థం చేసుకోండి.

దసరా సెలవులే కష్టం. అక్టోబరులో శ్రీలంకకు రెండు వైపులా వానలు పడతాయి. ఫుకెట్‌లో సెప్టెంబరు, అక్టోబరు బాగా వానలు పడే నెలలు. అండమాన్‌కి తుపాను గండం. మిగిలేవి బాలి, మారిషస్. బాలి అక్టోబరు చివరి దాకా నమ్మకమే. మాల్దీవుల్లో ఆ నెల వాన వచ్చి పోతుంటుంది. అయినా బా అటాల్ (ఉంగరంలాంటి పగడపు దీవుల గుంపు)లోని హనిఫారు బేకి మంటా చేపలు గుంపులుగా వచ్చే కాలం మే నుంచి నవంబరు దాకా. ప్రత్యేకంగా వాటిని చూడాలనుకునేవాళ్లు వాన పడుతుందని తెలిసే వెళ్తారు.

అండమాన్: మొదటిసారి వెళ్లేవాళ్లకు

పాస్‌పోర్టు అక్కర్లేదు, రూపాయి మార్చక్కర్లేదు, అమ్మానాన్నలకు భాష ఇబ్బంది ఉండదు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది దాకా మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆటోవాళ్లతో, చేపల మార్కెట్లో తెలుగులో మాట్లాడి చూడండి, జవాబు రావచ్చు. ఇడ్లీ, పప్పన్నం దొరకడం కూడా కష్టం కాదు. పెద్దవాళ్లతో కలిసి వెళ్లే మొదటి దీవి ప్రయాణానికి మేం ముందుగా చెప్పేది ఇదే.

పేర్ల దగ్గర తికమక పడకండి. హావ్‌లాక్ పేరు 2018లో స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా మారాయి. పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద ఒక పేరు, హోటల్ బుకింగ్ మీద ఇంకో పేరు ఉండటం మామూలే.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పు పడవ లెక్క తప్పడం. విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో, మంచి బీచ్‌లు ఉండేది 40 కిలోమీటర్ల దూరంలోని హావ్‌లాక్‌లో. ప్రైవేటు క్యాటమరాన్ (వేగంగా పోయే పడవ) గంటన్నర నుంచి రెండు గంటల్లో చేరుస్తుంది. ఏసీ హాల్లో, అద్దాల వెనక కూర్చోవాలి. ప్రభుత్వ పడవ నిదానం, టికెట్ చవక, డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు, కానీ టికెట్ దొరకడం కష్టం. సముద్రం బాగా లేకపోతే రెండూ ఆగిపోతాయి. అందుకని ఆఖరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే పెట్టుకోండి. పొద్దున హావ్‌లాక్‌లో పడవ ఎక్కి మధ్యాహ్నం విమానం అందుకుందామనుకుంటే, ఒక్క పడవ రద్దయినా కుటుంబంలో అందరి విమాన టికెట్లూ పోతాయి. ఐదు రాత్రులుంటే మా లెక్క ఇలా ఉంటుంది: దిగిన రోజు మధ్యాహ్నం పడవకు సమయముంటే నేరుగా హావ్‌లాక్ వెళ్లి అక్కడ మూడు రాత్రులు, నీల్‌లో ఒకటి, చివరగా పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. సెల్యులార్ జైలు, రాస్ దీవి ఆ చివరి రోజున చూడొచ్చు.

రెండో తప్పు గడియారం. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదు గంటలకే పొద్దు గుంకుతుంది. తొమ్మిదింటికి టిఫిన్ చేసి, పదకొండింటికి బయల్దేరి, రెండింటికి భోజనం పెట్టుకునే అలవాటుతో వెళ్తే రోజులో సగం పోతుంది. ఐదున్నరకు లేచి ఆరున్నరకు నీళ్లలో ఉండాలి. పొద్దున సముద్రం నిశ్చలంగా కూడా ఉంటుంది.

హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ పడమటి ఒడ్డున ఉంది. రెండు కిలోమీటర్ల మెత్తటి ఇసుక, వెనక ఎత్తైన చెట్లు, ఎదురుగా సూర్యాస్తమయం. 2020లో దేశంలో మొదట బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిన ఎనిమిది బీచ్‌లలో ఇదీ ఒకటి, మన రుషికొండ ఇంకొకటి. కానీ రాధానగర్ ఈతకూ నడకకూ గానీ స్నార్కెలింగ్‌కి (మాస్క్, గొట్టం పెట్టుకుని నీళ్ల కిందికి చూడటానికి) కాదు. పగడాలు చూడాలంటే ఎలిఫెంట్ బీచ్‌కి పడవలో వెళ్లాలి. నీల్ దీవి చిన్నది, సైకిల్ మీద తిరిగిరావచ్చు. భరత్‌పూర్ బీచ్ పిల్లలకు బాగుంటుంది, అయితే పోటు సమయంలోనే. పాటు వేళ నీరు దూరంగా వెళ్లిపోయి రాళ్లూ విరిగిన పగడాలూ బయటపడతాయి. అక్కడి సహజ రాతి వంతెనకు ఇది తలకిందులు, పాటు వేళ అయితేనే దగ్గరికి నడిచి వెళ్లగలరు.

మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న చోట నీళ్లలోకి దిగకండి. ఉప్పునీటి మొసళ్లు అక్కడ నిజంగా ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక విదేశీ పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. మడ అడవుల దగ్గర, వాగు సముద్రంలో కలిసేచోట, చీకటి పడ్డాక నీళ్లు వద్దు. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవడం కూడా వద్దు. పగడాలకు వన్యప్రాణి రక్షణ చట్టం వర్తిస్తుంది. విమానాశ్రయంలో స్కానర్ పట్టేస్తుంది.

విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి ఓడ ఉంది కానీ దానికి రెండు రోజులకు పైగా పడుతుంది, రోజూ ఉండదు. వారం సెలవు పెట్టినవాళ్లకు అది కుదరదు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది.

లక్షద్వీప్, మాల్దీవులు: నీళ్లు ఒకటే, లెక్క వేరు

రెండూ ఒకే పగడపు వరుస మీద ఉన్న అటాల్ దీవులు. చుట్టూ ఉంగరంలా పగడపు గట్టు, మధ్యలో లోతు తక్కువ నీలపు మడుగు. అలలు ఆ గట్టు దగ్గరే విరిగిపోతాయి, ఒడ్డుకు చేరేసరికి వాటికి బలం ఉండదు. ఈత రానివాళ్లకు అండమాన్ కన్నా ఇవే భద్రం.

లక్షద్వీప్‌కి పోవాలంటే ప్రవేశ అనుమతి తప్పనిసరి. కొచ్చి నుంచి అగత్తికి చిన్న ఏటీఆర్ విమానం, లేదా కొచ్చి నుంచి ఓడ. సామాను బరువు పరిమితి విమానం టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. గదులు చాలా తక్కువ, అందుకే అనుమతి, గది, టికెట్ మూడూ కలిపి చూసుకోవాలి. గది ఖాయం కాకముందే విమానం టికెట్ కొని చేతులు కాల్చుకునేవాళ్లు ఎక్కువ. బంగారం దీవిలో తప్ప మద్యం లేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఓడలు సరిగా తిరగవు. కద్మత్, బంగారం మడుగుల్లో నీటి తేట మాల్దీవులకు ఏమాత్రం తీసిపోదు. రాత్రి సందడి, షాపింగ్, రకరకాల భోజనం ఆశించేవాళ్లు మాత్రం రెండో రోజుకే విసుగుపడతారు.

మాల్దీవుల్లో అసలు ప్రశ్న ఏ దీవి అన్నది కాదు, రిసార్టా, ఊరి దీవా అన్నది. రిసార్ట్ అంటే దీవి మొత్తం ఒకే హోటల్. మాఫుషి, తులుస్‌ధూ, ఉకుల్హాస్, దిగురా లాంటివి జనం నివసించే ఊళ్లు, అక్కడ గెస్ట్‌హౌస్‌లలో దిగొచ్చు. ఊరి దీవిలో ఖర్చు ఎన్నో వంతులు తగ్గుతుంది, బదులుగా కొన్ని నియమాలు ఉంటాయి. ఈత దుస్తులతో తిరగడానికి "బికినీ బీచ్" అని విడిగా గుర్తించిన ఒడ్డే వాడాలి, మద్యం దొరకదు, శుక్రవారం పగలు దుకాణాలు, పడవలు చాలావరకు ఆగుతాయి. ఒక పగటి పాస్ తీసుకుని రిసార్ట్‌లో గడిపి సాయంత్రానికి ఊరి దీవికి తిరిగి రావచ్చు. మొదటిసారి వెళ్లే జంటకు నాలుగు రాత్రుల్లో మూడు ఊరి దీవిలో, ఒకటి రిసార్ట్‌లో అన్నది మంచి పంపకం.

రిసార్ట్ ధర చదివేటప్పుడు పక్కన "ప్లస్ ప్లస్" అని ఉందేమో చూడండి. 10 శాతం సర్వీస్ ఛార్జ్, దాని మీద 2025 జులై నుంచి 17 శాతం పర్యాటక జీఎస్టీ. 100 డాలర్ల భోజనం దాదాపు 129 డాలర్లవుతుంది. ఇవిగాక గ్రీన్ ట్యాక్స్. 2025 జనవరి నుంచి రిసార్టుల్లో మనిషికి రాత్రికి 12 డాలర్లు, 50 గదుల లోపు ఊరి గెస్ట్‌హౌస్‌లలో 6 డాలర్లు. ఇద్దరు, నాలుగు రాత్రులు, రిసార్ట్ అంటే దీనికే 96 డాలర్లు.

అసలు దెబ్బ తగిలేది రవాణాలో. మాలే చుట్టుపక్కల రిసార్టులకు స్పీడ్‌బోట్ చాలు. దూరపు అటాల్‌లకు సీప్లేన్ (నీళ్ల మీద దిగే చిన్న విమానం) కావాలి. ఒక్కొక్కరికి రానూపోనూ వందల డాలర్లు, అది గది ధరలో కలిసి ఉండకపోవచ్చు. సీప్లేన్లు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. మీ విమానం మధ్యాహ్నం మూడున్నర దాటి దిగితే ఆ రాత్రి మాలేలోనో హుల్‌హుమాలేలోనో మీ ఖర్చుతో గది తీసుకోవాల్సిందే, రిసార్ట్‌లో కట్టిన ఆ రాత్రి డబ్బు వృథా. కాబట్టి గది చూడకముందే విమానం దిగే వేళ చూడండి. సీప్లేన్‌లో సామాను సాధారణంగా 20 కిలోలు, చేతి సంచి 5 కిలోలు.

వీసా దిగిన చోటే ఉచితంగా ఇస్తారు. ప్రయాణానికి ముందు 96 గంటల లోపల "ఇముగా" వెబ్‌సైట్‌లో వివరాలు నింపాలి, అదీ ఉచితమే. డబ్బు అడిగే సైట్ అయితే అది ప్రభుత్వానిది కాదు. ఇంకో సంగతి మనవాళ్లకు తెలియక ఇబ్బంది పడేది: పూజా విగ్రహాలు, మద్యం, పంది మాంసం ఆ దేశంలోకి తీసుకెళ్లకూడదు. సంచిలో చిన్న వెంకటేశ్వరస్వామి విగ్రహం పెట్టుకుని తిరిగే అలవాటుంటే ఈసారికి ఇంట్లోనే ఉంచండి.

బాలి, శ్రీలంక, థాయ్‌లాండ్

బాలికి వెళ్లేవాళ్లు ఎక్కువగా కుటా, సెమిన్యాక్, చాంగూలలో దిగుతారు. అవి సర్ఫింగ్ ఒడ్లు. అల పెద్దది, లోపలికి లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు సనూర్ గానీ నుసా దువా గానీ తీసుకోవాలి. రెండూ తూర్పు వైపు, ముందు పగడపు గట్టు ఉంది, నీళ్లు కదలవు. సనూర్‌లో పాటు వేళ నీరు మోకాలి దాకా దిగిపోతుంది, ఈత పోటు మీదే. నుసా పెనిడాలో కెలింగ్‌కింగ్ కొండ ఫొటో అందరికీ కావాలి. కొండ మీంచి చూసి రండి. కింద బీచ్‌లోని అలలకు చాలామంది పర్యాటకులు బలయ్యారు, దిగే దారి కూడా నిట్టనిలువు.

బాలికి దిగిన చోట వీసా 5 లక్షల రూపయ్యాలు (ఇండోనేషియా డబ్బు, మన రూపాయలు కావు), 2024 ఫిబ్రవరి నుంచి పర్యాటక రుసుము ఇంకో లక్షన్నర రూపయ్యాలు. మార్చిలో వెళ్తే న్యెపి తేదీ చూసుకోండి. అది అక్కడి శక సంవత్సరాది, కొన్నేళ్లు మన ఉగాదికి ఒకరోజు అటూఇటూగా, ఇంకొన్నేళ్లు దాదాపు నెల ముందే వస్తుంది. ఆ 24 గంటలూ విమానాశ్రయం మూసేస్తారు, వీధిలోకి ఎవరూ రాకూడదు, రాత్రి దీపాలు కూడా బయటికి కనబడకూడదు. సంవత్సరాదికి మనం పచ్చడి తిని పంచాంగం వింటే, అక్కడ దీవి దీవంతా మౌనం పాటిస్తుంది. తెలిసి వెళ్తే మరిచిపోలేని రోజది. తెలియక వెళ్తే విమానం పోతుంది.

శ్రీలంకకు హైదరాబాద్ నుంచి నేరుగా సుమారు రెండు గంటల్లో చేరొచ్చు. బీచ్ ఒక్కటే కాకుండా కొండలు, ఏనుగులు, గుళ్లు కలిపి చూడాలంటే దీనికి సాటి లేదు. తూర్పు ఒడ్డున పసికుడా తీరంలో నీళ్లు చాలా దూరం దాకా నడుములోతే ఉంటాయి, చిన్నపిల్లలకు అంతకన్నా మంచి తీరం ఈ చుట్టుపక్కల లేదు. ట్రింకోమలీ దగ్గర నిలావెలి నుంచి పిజియన్ ఐలాండ్‌కి పడవలో వెళ్లి పగడాలూ చిన్న రీఫ్ సొరచేపలూ చూడొచ్చు, ఊళ్లో కోణేశ్వరం గుడి సముద్రపు కొండ అంచున ఉంది. కొలంబో విమానాశ్రయం నుంచి అక్కడికి రోడ్డు ప్రయాణం ఐదారు గంటలు, అందుకే మూడు రాత్రుల కన్నా తక్కువకు వెళ్లకండి.

ఫుకెట్, క్రాబీ సందడి కోరుకునేవాళ్లవి. మాయా బే ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసేస్తారు. సిమిలాన్ దీవులు మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసి ఉంటాయి. ఆ నెలల్లో వీటి పేర్లు పెట్టి ప్యాకేజీ అమ్మేవాళ్లను నమ్మకండి. సముద్ర పార్కుల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ నిషేధం. జింక్ ఆక్సైడ్ ఉన్నది ఇక్కడే కొని పట్టుకెళ్లండి.

మారిషస్ దూరం, ఖర్చు. కానీ తెలుగువాళ్లకు అదొక ప్రత్యేకమైన చోటు. పంతొమ్మిదో శతాబ్దంలో మన తీరం నుంచి చెరకు తోటల పనికి వెళ్లినవాళ్ల వంశాలు అక్కడున్నాయి, ఉగాదికి దేశమంతటా సెలవు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆగ్నేయ గాలి బలంగా ఉంటుంది, కాబట్టి పడమటి ఒడ్డు ఫ్లిక్ ఎన్ ఫ్లాక్‌లోనో వాయవ్యాన త్రూ ఓ బీష్‌లోనో దిగాలి. ఆ నెలల్లో నీళ్లు 22, 23 డిగ్రీలకు దిగుతాయి, మనవాళ్లకు వణుకే. అక్టోబరుకు హాయిగా ఉంటుంది.

శాకాహారులు అడగాల్సిన మాట

"వెజ్ ఉందా" అని అడిగితే అన్నిచోట్లా ఉందనే అంటారు. తగాదా వచ్చేది మసాలాల్లో. బాలి సాంబల్‌లో తెరాసి అనే రొయ్యల ముద్ద ఉంటుంది. థాయ్ కూరగాయల వేపుడులో నామ్ ప్లా అనే చేపల రసం పోస్తారు. అక్కడ "జే" అని అడిగితే చేప రసం కూడా లేనిది ఇస్తారు. శ్రీలంక కొబ్బరి సంబోల్‌లో ఉంబలకడ అనే ఎండుచేప పొడి కలుస్తుంది. మాల్దీవుల ఊరి దీవుల్లో ఉదయం టిఫిన్ నుంచే ట్యూనా. కాబట్టి ఆ పదార్థం పేరు పెట్టి "వేయొద్దు" అని చెప్పాలి. అండమాన్, మారిషస్‌లలో ఈ బాధ బాగా తక్కువ.

గది బుక్ చేసేముందు మ్యాప్ చదవండి

హోటల్ ఫొటోలను పక్కన పెట్టి, ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి ఆ హోటల్ ముందున్న నీళ్లను దగ్గరగా చూడండి. ఒడ్డు నుంచి లేత పచ్చ-నీలం పట్టీ వెడల్పుగా ఉంటే కింద ఇసుక, లోతు తక్కువ, పిల్లలకు మంచిది. ఆ పట్టీలో గోధుమ, నలుపు మచ్చలుంటే సముద్రపు గడ్డి గానీ పగడాలు గానీ, అక్కడ రబ్బరు చెప్పులు లేకుండా నడవలేరు. దూరంగా సన్నటి తెల్ల గీత కనిపిస్తే అలలు గట్టు మీద విరుగుతున్నాయన్నమాట, లోపలి నీళ్లు నిశ్చలం. ఆ తెల్లటి నురగ నేరుగా ఒడ్డు మీదే ఉంటే అది అలల ఒడ్డు. లేత రంగు సన్నగా ఉండి వెంటనే ముదురు నీలంలోకి జారితే నేల కూడా అక్కడే జారిపోయింది. ఈత వచ్చినవాళ్లకు స్నార్కెలింగ్ స్వర్గం, రానివాళ్లకు ప్రమాదం.

తర్వాత ఆటుపోట్లు. మాల్దీవుల్లో, శ్రీలంకలో, మారిషస్‌లో పోటుకూ పాటుకూ తేడా మీటరు లోపే, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అండమాన్, ఫుకెట్, బాలిలో అది రెండు మీటర్లకు చేరుతుంది, అమావాస్య, పౌర్ణమిల చుట్టూ ఇంకా ఎక్కువ. అష్టమి దగ్గర తేడా తక్కువ. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. క్యాలెండర్‌లో తిథి చూసి తేదీలు ఎంచుకోవడం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

పగడాల ఫొటో ఎప్పటిదో కూడా అడగండి. 2024లో సముద్రం వేడెక్కి ప్రపంచమంతటా పగడాలు రంగు పోయి తెల్లబారాయి, లక్షద్వీప్‌లోనూ చాలా దెబ్బతిన్నాయి. అంతకుముందు తీసిన రంగుల ఫొటోలే ఇంకా ప్రకటనల్లో తిరుగుతున్నాయి. చేపలు ఇప్పటికీ ఉన్నాయి, రంగులు అన్నిచోట్లా లేవు.

నీళ్లలోకి దిగేముందు

చీర, చుడీదార్, కాటన్ నైటీ నీళ్లలో తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి, అల వచ్చినప్పుడు లేవనివ్వవు. నిండు చేతుల ఈత దుస్తులు, లెగ్గింగ్స్ ఇక్కడే దొరుకుతాయి. ఒళ్లు కప్పుతాయి, ఎండకు కాలదు, మాల్దీవుల ఊరి దీవుల్లో అభ్యంతరమూ ఉండదు.

స్నార్కెల్ మాస్క్ సరిపోయిందో లేదో చూసుకోవడానికి పట్టీ పెట్టుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేతులు వదిలేసినా మాస్క్ అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. జారిపోతే ఇంకోటి అడగండి. మీసాలున్నవాళ్లకు పై పెదవి దగ్గర నీళ్లు కారతాయి, అక్కడ కాస్త వాజ్‌లైన్ రాస్తే చాలావరకు ఆగుతుంది. అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల చుక్క బేబీ షాంపూ రాసి కడగండి.

ఈత రాకపోయినా శిక్షకుడు పట్టుకుని చేయించే స్కూబా (సిలిండర్ గాలి పీలుస్తూ నీటి అడుగున తిరగడం) చేయొచ్చు, పదేళ్లు నిండిన పిల్లలకు కూడా. జలుబు ఉంటే మాత్రం ఆ రోజు మానేయాలి. చెవుల్లో ఒత్తిడి సర్దుకోక కర్ణభేరి దెబ్బతింటుంది. ఆస్తమా, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉన్నవాళ్లు ఇక్కడ డాక్టర్ని అడిగే బయల్దేరండి, అక్కడ ఫారంలో "లేదు" అని టిక్ పెట్టి దిగకండి. ఒక్క డైవ్ చేస్తే విమానం ఎక్కడానికి ముందు కనీసం 12 గంటలు, ఒకటికి మించి చేస్తే 18 గంటలు గడవాలి. అంటే డైవింగ్ ప్రయాణం మొదట్లోనే పెట్టుకోవాలి. అండమాన్‌లో ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండమన్నది ఈ కారణానికి కూడా.

బుకింగ్‌లో వరుస ఇదీ: సెలవు తేదీలు, ఆ నెల గాలి చాటున ఉన్న ఒడ్డు, విమానం దిగే వేళ, అక్కడి నుంచి పడవ లేదా సీప్లేన్, ఆ తర్వాతే గది. వీసా నియమాలు ఏడాదిలోనే మారిపోతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశపు ప్రభుత్వ సైట్‌లోనే చూడండి. రద్దు చేసుకుంటే డబ్బు వెనక్కి రాని గది చవగ్గా కనిపించినా, దారిలో పడవ ఉన్న దీవికి దాన్ని తీసుకోకండి.